నాన్న కణాలు పట్టు వదిలేసిన మధ్యాహ్నం

దెయ్యాలంటే నాకు భయం కాదు, ఒళ్లుమంట. ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్ల పేట భాలుబాసాలో ఎవరైనా ఆ కబుర్లు ఎత్తితే లేచి వెళ్లిపోయేదాన్ని. ల్యాబ్‌లో కణాలు పెంచడం నా ఉద్యోగం. కళ్లతో చూడనిది నమ్మను. ఇదీ కళ్లతో చూసిందే, అదే నా ఖర్మ.

నాన్న తుంటి ఆపరేషన్‌లో తీసిన ఎముక మజ్జ కొంత, ఆయన ఇష్టంతోనే మా ల్యాబ్‌కి వచ్చింది. అందులోని మూలకణాలను సన్నటి జల్లెడ గిన్నెలో పెంచాం. దాని కింద, అదే ద్రవంలో, ఎలుక నరాల నుంచి తీసిన కణాలు. నరాన్ని తొడుగులా చుట్టుకుని కాపాడేవి అవే. విడిగా ఉంచితే వాడిపోయేవి. పైన నాన్న కణాలుంటే చక్కగా పెరిగేవి.

ఈలోగా నాన్న గుండెపోటుతో పోయారు. ఆయన కణాలు ఇంకా బతికున్నాయని, వేరేవాటిని బతికిస్తున్నాయని అమ్మకి గొప్పగా చెప్పాను. నా నోరు పడిపోను! పెద్దకర్మ ముందురోజు అమ్మ అడ్డం తిరిగింది.

"డూటీ మీదున్న మనిసికి పిండాలేటే?" అంది.

షుగరు మనిషి. తిండి మానేసింది, మందులు మానేసింది, మర్నాడు పొద్దున కళ్లు తిరిగి పడింది. ఇలాగైతే అమ్మా దక్కదని భయమేసింది. ఆ గిన్నె పారబోసి, ఇక నాన్న ఎక్కడా లేరని చెప్పేద్దామని ల్యాబ్‌కి వెళ్లాను.

మైక్రోస్కోప్ కింద నాన్న కణాలు, బతికున్నవన్నీ చేసేట్టే, గిన్నెని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నా చేతులు ఆడలేదు. తిరిగి ఇంక్యుబేటర్‌లో పెట్టి, పక్కనే కూర్చుని ఏడ్చాను. కాసేపటికి గుండె రాయి చేసుకుని మళ్లీ తీశాను.

నాన్న కణాలన్నీ పట్టు వదిలేసి, ముడుచుకుని తేలుతున్నాయి. రంగు వేసి చూశాను. ఒక్కటీ బతికి లేదు. వేడి, గాలి సరిగానే ఉన్నాయి. పక్క గిన్నెలకు ఏమీ కాలేదు.

అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. "దీదీ, అమ్మ మాన్ గయీ." పిండాలకి ఒప్పుకుందట. ఇప్పుడే నాన్న ఫోటో ముందు కూర్చుని, "నాకోసం ఆగిపోకండి. ఎల్లిపోండి. పిల్లల్ని నేను సూసుకుంతాను" అందట. తర్వాత అన్నం పెట్టమందట.

కింద ఉన్న నరాల కణాలు ఒంటరిగా మిగిలాయి. వాడిపోవాలి. వాడిపోలేదు, ఇంకా పెరిగాయి. ఎందుకో ఈనాటికీ నాకు తెలీదు.

ఆ గిన్నెలో జరిగింది అమ్మకి చెప్పలేదు. చెబితే, నాన్నని రెండోసారి తనే పంపేశానని కుమిలిపోతుంది.