హంగరీ నుంచి వచ్చిందని చెప్పిన పాట

ఒక మనిషి చేసిన పాటను నేను చంపేశాను. కొన్నేళ్లుగా ఈ మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. దాన్ని అక్కడే పెట్టుకుని అన్నం తిన్నాను, జోకులేశాను, నవ్వాను, నవ్వించాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెబితే మళ్లీ ఏదో మజాక్ చేస్తున్నానని నవ్వుతుంది. బతుకంతా నవ్వించినవాడు ఏడ్చినా జనం నవ్వుతారు కదా! మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను స్టాఫ్ బస్సు డ్రైవర్ని. చదువు ఎనిమిదిలోనే ఆపేశాను. నేను ఆపానో, బడివాళ్లే ఆపారో ఇప్పుడు ఎందుకులెండి. ఇంద్రేశంలో మొదలుపెట్టి, పటాన్‌చెరు, బీరంగూడ మీదుగా బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దాకా షిఫ్టు జనాన్ని మోస్తాను. మేఘాలయ నుంచి వచ్చిన ఒక కెమిస్టు కొన్నాళ్లు నా బస్సులో తిరిగాడు. ఉద్యోగం మానేసి పోతూ నా చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు. దాని నిండా ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతం. మొదటిసారి పెట్టినప్పుడు స్పీకరు పాడైందనుకున్నాను. పాట మొదలవుతుంది, ఆగుతుంది, ఇంకో దారిలో పోతుంది, తాళం మారుతుంది, పాడేవాడు టీ తాగడానికి పోయాడేమో అనిపించేంతసేపు గిటారొక్కటే మోగుతుంది. పటాన్‌చెరులో మొదలైన పాట బొల్లారం గేటు దగ్గర కూడా అవ్వదు. బస్సంతా గోల. "డ్రైవర్ సాబ్, దయ్యం పట్టినట్టున్నది, ఎవరికన్న చూపెట్టు" అని అరిచేవాళ్లు.

అరవనివాడు ఒక్కడే. నర్సింలు. నా సీటు వెనకాల కూర్చునేవాడు. ఇంద్రేశం వాడే. వ్యవసాయదారుల ఇల్లు. పొలంలో సగం ప్లాట్లైపోయాక ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరాడు. గేటు దగ్గర అందరూ దిగిపోయినా వాడు పాట అయ్యేదాకా కూర్చుని, సెక్యూరిటీ తిడితే పరుగెత్తేవాడు. అలా ఇద్దరం దోస్తులమయ్యాం.

మూర్తిగారు దొరకడం కూడా బస్సువల్లే. బీరంగూడ దగ్గర ట్రాఫిక్కులో ఆగి ఉంటే ఒక పెద్దమనిషి స్కూటర్ మీంచి నా కిటికీ తట్టాడు. తిట్టడానికేమో అనుకున్నాను. "ఏమయ్యా, ఈ ఆల్బమ్ నీ దగ్గరికి ఎలా వచ్చింది? మా కుర్రతనంలో దీనికోసం బెజవాడంతా తిరిగాం!" అన్నాడు. పక్కనున్న పెద్ద ప్లాంటులో ఇంజనీరు ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. వాళ్ల మేడమీది గదిలో నా ఎత్తున్న స్పీకర్లు ఉండేవి. వాటిని బాగుచేసే షఫీ భాయ్, మూర్తిగారు, నర్సింలు, నేను. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడే.

ఆ గదికి ఒక పద్ధతి ఉండేది. తెచ్చినవాడు పేరు చెప్పకూడదు. పాట నడుస్తున్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు. అయ్యాక కొట్టుకోవచ్చు. కొట్టుకోవడం అయ్యాకే పేరు. పేరు ముందే వింటే మనిషి పాటను వినడు, పేరునే వింటాడని మూర్తిగారి సిద్ధాంతం. ఇంగ్లండు వాళ్ల పాత ఆల్బమ్‌ల తర్వాత అంతా పిప్పేనని ఆయన వాదన. కళ్లలో నీళ్లు తెప్పించేది ఇటలీవాళ్లేనని షఫీ భాయ్ పట్టు. పాడేవాడు బయటికెళ్లిపోయాక బ్యాండు బతికున్నట్టా, చచ్చినట్టా అని ఒక వానాకాలమంతా కొట్టుకున్నాం. నేను ఎవరు గెలుస్తుంటే వాళ్లకు ఎదురు మాట్లాడేవాణ్ణి. నర్సింలు వాదించేవాడు కాదు. "మల్ల పెట్టున్రి" అనేవాడు, అంతే.

ఆ గదిలో నాకొక కుర్చీ ఉండేది. ఎనిమిది దాటనివాడికి ఇంజనీరు ఇంట్లో కుర్చీ. కొత్త ఆల్బమ్ ఎక్కడ తవ్వినా నేనే తవ్వాలి. "నీ చెవి చెవి కాదయ్యా, గని" అనేవారు మూర్తిగారు. ఆ మాట నేను ఇంటికి తీసుకుపోయి తలకింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసినదానికి కారణం ఇందులోనే ఎక్కడో ఉంది. కారణం చెబితే తప్పు తగ్గుతుందని మాత్రం కాదు.

ఒకరోజు షిఫ్టు దిగి అందరూ వెళ్లిపోయాక నర్సింలు నా చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు. పాత కీబోర్డు, పాత లాప్‌టాప్ ఒకటి పెట్టుకుని రేకుల గదిలో ఏదో చేస్తున్నాడని నాకు తెలుసు. ఏం చేస్తున్నాడో తెలియదు. "ఆదివారం పెట్టు. నేను రాను. మంచిగున్నదంటె నా పేరు చెప్పు. లేకపోతె ఏదో దేశం పేరు చెప్పి వదిలెయ్" అన్నాడు.

పెట్టాను.

దాని గురించి ఎలా చెప్పాలి? ఫ్యాక్టరీలో మందులు కలిపే రియాక్టరు లోపల తిరిగే పంఖా మోతతో మొదలవుతుంది. ప్లాంటులోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. అందుకని ఆ మోతను వాడు చెవిలో మోసుకొచ్చి కీబోర్డు మీద దించాడు. దానికింద ఏడు దెబ్బల తాళం. తర్వాత ఒకచోట అంతా ఆగి, చాలా దూరంలో ఎవరో పొలంలో మడి కట్టడానికి పిలుస్తున్నట్టు ఒక కూత. మాటల్లేవు. కూతే. ఆ కూత మెల్లగా మోతలో మునిగిపోతుంది, తేలుతుంది, మళ్లీ మునుగుతుంది. చివర మోత ఆగుతుంది, కూత మిగులుతుంది.

మూర్తిగారి భార్య టీ తెచ్చి, ఎప్పుడూ "మీ బ్యాండు మేళం" అని విసుక్కుంటూ దిగిపోయే ఆవిడ, ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. అయిపోయాక ఎవరూ కొట్టుకోలేదు. మూర్తిగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, "ఏమయ్యా, నువ్వు ఇన్నాళ్లూ తెచ్చినవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఎవరు వీళ్లు?" అన్నారు.

అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్క పేరు. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది. నేను తెచ్చినవన్నీ ఒక ఎత్తు. నేను వెతికాను, మోశాను, వాదించాను. వాడు మూలన కూర్చుని "మల్ల పెట్టున్రి" అన్నాడు. ఇప్పుడు వాడు చేశాడు. నేను ఇతరుల పాటల గురించి మాట్లాడేవాణ్ణి మాత్రమేనని నాకు ఆ గదిలో, ఆ క్షణంలో, అందరి ముందూ తెలిసింది. వాళ్లకు తెలియదు. నాకు తెలిసింది.

"హంగరీ వాళ్లు సార్" అన్నాను. మూలనున్న స్టెబిలైజరు మీది కంపెనీ పేరును తిరగేసి బ్యాండు పేరు అని చెప్పాను. షఫీ భాయ్ "వాహ్, హంగరీ!" అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను.

అప్పటికి అది తమాషానే అని మీకు ప్రమాణం చేసి చెప్పగలను. చెప్పగలనా? వచ్చే ఆదివారం వాణ్ణి పట్టుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టి, "సార్, హంగరీ ఇదిగో" అందామనుకున్నాను. అలా అనుకున్న గుర్తు ఉంది. కాని ఆ గుర్తును తర్వాత నేనే తయారుచేసుకున్నానేమో కూడా తెలియదు.

కిందికి దిగితే మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర వాడే ఉన్నాడు. ఇంట్లో షిఫ్టు అని చెప్పి వచ్చి అక్కడ నిలబడ్డాడు. ముందుగా మీకొకటి చెప్పాలి. నాకో అలవాటుంది. ఏ మంచి కబురైనా ముందు చెడ్డగా చెబుతాను. వాడి ఉద్యోగం పర్మినెంటు అయినప్పుడు కూడా లిస్టులో నీ పేరు లేదన్నాను. వాడి ముఖం వాడిపోయాక, నవ్వి, అసలు సంగతి చెప్పి కౌగిలించుకున్నాను. వాడికి ఆ అలవాటు తెలుసు.

"ఏమన్నరు?" అన్నాడు.

"ఎవరు?"

"పరేషాన్ చెయ్యకు బై. జల్దీ చెప్పు."

"షఫీ భాయ్ నడిమిట్లనే బంద్ చెయ్యమన్నడు."

వాడు నవ్వాడు. "ఇగ చాలు తీ. నీ వేషాలు నాకు తెల్వయా? సార్ ఏమన్నడు?"

"సార్ నవ్విండు."

"నవ్విండా?"

"అందరు నవ్విన్రు. మిక్సీ ఖరాబైతె గిట్లనే మోగుతదన్నరు."

వాడి పెదవుల మీద నవ్వు ఇంకా ఉంది. నా నవ్వుకోసం ఎదురుచూస్తోంది. నేను నవ్వితే చాలు, అంతా సరిపోయేది. నా ముఖం కదలలేదు.

"మజాకేనా? నిజం చెప్పురా. నీకు దండం పెడత."

"లేదురా. ఈసారి మజాక్ కాదు."

ఇదే. నేను దాచింది ఈ వాక్యమే. స్టెబిలైజరు పేరు చెప్పడం తమాషా అనుకోండి, మిక్సీ కూడా తమాషా అనుకోండి. ఈ వాక్యం తమాషా కాదు. ఆలోచించి, వాడి కళ్లలోకి చూసి, చెప్పాను.

వాడు టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. "నా పేరైతె చెప్పలే గద?"

"చెప్పలే."

"మంచిగైంది. ఇజ్జత్ కాపాడినవ్" అన్నాడు. భుజం మీద చెయ్యేసి ఒకసారి నొక్కి, ఆర్టీసీ బస్సెక్కి వెళ్లిపోయాడు. నాకు కృతజ్ఞత చెప్పి వెళ్లాడండీ!

సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం వాడు ఎక్కి, "జెర తెలుగు పాటలు పెట్టురా, జనాలకు గవే మంచిగుంటయ్" అన్నాడు. వెనక నుంచి ఈలలు. ఆ వారంలోనే కీబోర్డును బొల్లారం వైపున్న ఒక ప్రార్థన మందిరానికి ఇచ్చేశాడని తెలిసింది. లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేశాడు. "నీ తాన ఉన్నది గూడ తీసెయ్" అన్నాడు. సరేనన్నాను. వాడు అడిగాడు కాబట్టే తీసేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. వాడు అడగకముందే తీసేశాను. మూర్తిగారు కాపీ ఇవ్వమని వెంటపడుతుంటే, నా అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనని భయపడ్డాను. పెన్ డ్రైవ్ పాడైందని ఆయనకు చెప్పాను. ఆ పాట ఇప్పుడు ఎక్కడా లేదు.

నర్సింలు మళ్లీ మేడమీదికి రాలేదు. వాడి సంగతి అడిగితే షిఫ్టులు సార్ అని చెప్పాను. ఇన్నేళ్లూ అదే చెప్పాను. వాడూ వాళ్లూ ఒకరికొకరు ఎదురుపడకుండా చూసుకోవడం నాకొక రెండో ఉద్యోగమైంది. గదికి ఎవరైనా కొత్తగా వస్తే మూర్తిగారు ఇప్పటికీ, "హంగరీ వాళ్లది ఒకటుందండీ, మా వాడు తెచ్చాడు, మళ్లీ దొరకలేదు" అని చెబుతారు. నావైపు గర్వంగా చూస్తారు. ఈ మధ్య ఆయనకు చెవులు మందగించాయి. "ఇప్పుడు దొరికినా నాకు సగమే వినపడుతుందేమో. అయినా వెతకవయ్యా" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "హంగరీకి స్టాఫ్ బస్సు వెయ్యమంటారా సార్?" అన్నాను. ఆయన నవ్వారు. నోరు తెరిస్తే జోకే వచ్చింది. ఆ నోటిని ఏం చెయ్యాలి?

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఉదయం షిఫ్టుకు పోతుంటే బస్సులో పాటలు పెట్టలేదు. సిగ్నల్ దగ్గర ఆగాను. నా వేళ్లు స్టీరింగు మీద ఏదో కొడుతున్నాయి. నాకు తెలియకుండానే. ఏడు దెబ్బలు. నోట్లోంచి సన్నగా ఆ కూత.

వెనకనుంచి వాడి గొంతు వచ్చింది. "అది బంద్ చెయ్యరా."

అద్దంలో చూశాను. వాడు పక్కవాళ్లు విన్నారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు. ముఖం ఎర్రబడింది. "గది గుర్తు చెయ్యకు. ఇప్పటికి సిగ్గైతది" అన్నాడు.

నాకు రావాల్సిన సిగ్గును ఇన్నేళ్లూ వాడు మోశాడు. నేను అన్నం తిన్నాను, జోకులేశాను. వాడు ఆ సిగ్గుతో నా వెనకే కూర్చుని ఉద్యోగానికి పోయాడు, వచ్చాడు. నేను పాటను చంపాననుకున్నాను. అంతకంటే ఎక్కువే చేశాను. తన చెవిమీద తనకున్న నమ్మకాన్ని వాడి దగ్గర నుంచి తీసుకున్నాను, ఆ చెవిని నా కుర్చీ కాళ్లకింద పెట్టి కూర్చున్నాను.

వాడికి చెబుతానా? మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు. చెబితే, మజాక్ చేస్తున్నావా అని అడుగుతాడు. కాదంటే నమ్మాలా వద్దా అన్నది వాడికి ఎలా తెలుస్తుంది? ఒకసారి ఆ మాటను నేను వాడేసుకున్నాను. నమ్మినా, వాడి చేతిలో పెట్టడానికి ఆ పాట నా దగ్గర లేదు. క్షమించమని అడిగే ముఖమూ లేదు. మిమ్మల్నీ అడగడం లేదు.

జరిగింది జరిగినట్టు ఒక్కసారి, కనీసం ఒక్కచోట, ఉండాలనిపించింది. అంతే. అది హంగరీ పాట కాదు. ఇంద్రేశంలో, రేకుల గదిలో, నర్సింలు చేశాడు. మూర్తిగారు కళ్లు తుడుచుకున్నారు. ఆయన భార్య చేతిలో టీ చల్లారిపోయింది. షఫీ భాయ్ మళ్లీ పెట్టమన్నాడు. ఎవరూ నవ్వలేదు.