లాడం కింద మూడు చుక్కలు

అమ్మిరాజు చేతిలో ఇనుప ముక్క పెడితే అది ఎన్నిసార్లు కొలిమిలోకి వెళ్లొచ్చిందో చెప్పేవాడు. మనుషుల సంగతి అడిగితే మాత్రం పెదవి విరిచేవాడు. "మాట అరగదు. అరగందాన్ని ఎలా కొలుస్తావు?" అనేవాడు.

బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి రాయపూర్ వచ్చి, వ్యాగన్ రిపేర్ షాపులో ఖలాసీగా చేరి, పక్కన నిలబడి చూసి చూసి కమ్మరి పని నేర్చుకున్నాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నేను అదే షాపులో ఫిట్టర్ని. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆయన క్వార్టరుకి రెండిళ్ల అవతల మాది. అందువల్ల చమేలీ సంగతి మొదటి నుంచీ నాకు తెలుసు.

చమేలీ నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ఎర్రటి ఆడగుర్రం. స్టేషన్ దగ్గర టాంగా తోలే రహమత్ చాచాది. సెలవు రోజుల్లో అమ్మిరాజు గుఢియారీ బజారు వెనక సందులో టాంగా గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. పాత ఇనుము కొట్లో పట్టీ కొనుక్కుని, కాల్చి, వంచి, ప్రతి గిట్టకీ విడిగా కొలత తీసి చేసేవాడు. ఒకసారి చమేలీ ఎడమ వెనక గిట్ట నిలువునా చీలింది. ఇక అది పనికిరాదని చూసినవాళ్లంతా తేల్చేశారు. అమ్మిరాజు మాత్రం చీలిక మీద బరువు పడకుండా అడ్డపట్టీ ఉన్న లాడం ఒకటి చేశాడు. నెలకోసారి విప్పి, గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాడు. ఎనిమిది నెలలకి పైనుంచి కొత్త గిట్ట దిగి చీలిక కిందకి వెళ్లిపోయింది.

ఆటోలొచ్చి టాంగాలు ఖాళీగా నిలబడ్డ రోజుల్లో రహమత్ చాచా గుర్రాన్ని తెచ్చి ఆయన గుమ్మం ముందు నిలబెట్టాడు.

"ఎవరికైనా ఇస్తే బండికి కడతారు మిస్త్రీ. తారు రోడ్డు మీద బరువు లాగితే ఆ గిట్ట మళ్లీ విచ్చుకుంటుంది. బాగుచేసినవాడివి నువ్వు. నువ్వే ఉంచుకో."

అలా వచ్చిన గుర్రం క్వార్టరు వెనక రేకుల షెడ్డులో ఆరేళ్లు ఉంది. సాయంత్రం షాపు సైరన్ కూసిందంటే చెవులు నిక్కబొడుచుకుని గుంజ చుట్టూ తిరిగేది. అమ్మిరాజు చేతుల మసి కూడా కడుక్కోకుండా ముందు దాని తొట్టిలో నానిన ఉలవలు పోసేవాడు. "పెళ్లాం కన్నా దానికే నీ డ్యూటీ బాగా తెల్సు" అని వరహాలమ్మ దెప్పేది. ఆమె ఆయన భార్య. ఉలవలు నానబోసేది మాత్రం ఆమే.

ఆ ఏడు వానలు మొదలవగానే నోటీసు వచ్చింది. క్వార్టర్ల వెనక షెడ్లన్నీ తీసేయాలి, పశువుల్ని కట్టకూడదు. నెల గడువు.

నెలంతా వెతికాడు. గుఢియారీలో పాలు పోసే చెన్నకేశవులు, "ఉంచుతాను గానీ ఊరికే నిలబెట్టను, పాల బండికి కడతాను" అన్నాడు. కుదరదన్నాడు అమ్మిరాజు. చివరికి ఎవరో అభన్‌పూర్‌కి కాస్త ఇవతల, చిన్న రైలు లైను పక్కన, బిసాహూ రామ్ అనే రైతు డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాల్ని కట్టేసుకునే సాల నడుపుతాడని చెప్పారు. ఇద్దరం చిన్న రైల్లో వెళ్లాం.

ఇటుక పరిచిన నేల, పెంకుల కప్పు, గాలి వచ్చే కిటికీలు. నాకు బాగానే కనిపించింది. బిసాహూ సన్నటి మనిషి, యాభై దాటినవాడు. ఛత్తీస్‌గఢీలో మెల్లగా మాట్లాడతాడు. అమ్మిరాజు తెలుగు యాసతో హిందీలో గిట్ట సంగతంతా చెప్పి, దాన్ని ఎక్కకూడదు, దేనికీ కట్టకూడదు అన్నాడు.

"సరే" అన్నాడు బిసాహూ.

"తారు రోడ్డు మీద నడిపించకూడదు."

"సరే మిస్త్రీ."

తిరుగు రైల్లో అమ్మిరాజు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"ఐజాకూ, ఒక్క మాటకీ అడ్డం సెప్పలేదు సూసినావా?"

"మంచిదేగా అన్నా?"

"అన్నింటికీ సరే అన్నోడు దేనికీ సరే అన్నట్టు కాదు. పక్క కొట్టంలో రెండు తెల్ల గుర్రాలు, గోడకి జరీ జీనులు. పెళ్లి ఊరేగింపులకి తిప్పేవి. రేపు ఒక గుర్రం తక్కువైతే ఏటి సేస్తాడు? మన చమేలీ మీద పెళ్లికొడుకుని ఎక్కిస్తాడు."

కానీ ఇంకో చోటు లేదు. గడువుకి రెండు రోజుల ముందు కొలిమి ముందు కూర్చుని నాలుగు కొత్త లాడాలు చేశాడు. చేశాక ప్రతి లాడం అడుగున, గిట్ట ముందు కొస దగ్గర, మొన ఉన్న పోగర ఆనించి సుత్తితో మూడు చుక్కలు కొట్టాడు. ఒకటి పైపైన, రెండోది కొంచెం లోతుగా, మూడోది బాగా లోతుగా.

"ఇదేంటన్నా?"

"కొలబద్ద. ఊరికే నిలబడి గడ్డి తినే గుర్రానికి నెలన్నరైనా మూడు సుక్కలూ ఉంటాయి. తారు రోడ్డు మీద తిప్పితే ముందు పై సుక్క పోద్ది, తర్వాత రెండోది. ఆడు ఏం సెప్పినా సెప్పకపోయినా ఇది సెప్తాది."

అంత తెలివైన కొలత నేను షాపులో కూడా చూడలేదు.

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి గుర్రాన్ని నడిపించుకుంటూ వెళ్లాం. తారు తగలకుండా రోడ్డు దిగువన మట్టి మీదే నడిపించాడు. మధ్యాహ్నం దాటాక చేరాం. బిసాహూ తల్లి, ముడతలు పడ్డ ముసలామె, తౌడు నీళ్లు తెచ్చి పెట్టింది. చమేలీ వాసన చూసి తాగింది. అమ్మిరాజు బకెట్లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసుకున్నాడు. ముసలామె చూసి నవ్వింది. బిసాహూ నవ్వలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లేవాడు. వెళ్లినవాడు గుర్రం దగ్గర ఎంతసేపు ఉండేవాడో, బిసాహూ ఎటు వెళ్లాడో చూడటానికీ అంతసేపు పట్టేది. గడ్డివాము వెనక టైరు జాడలుంటే వంగి చూసేవాడు. జరీ జీనుల మీద దుమ్ము ఉందా, తుడిచారా అని వేలితో గీసి చూసేవాడు. ఇంటికొచ్చాక వరహాలమ్మ అడిగేది.

"గుర్రాన్ని సూడ్డానికి ఎల్లినావా, దొంగని పట్టడానికి ఎల్లినావా మావా?"

"నీకేటి తెల్సు, ఊరుకో."

"ఆడినే అడగరాదా?"

"అడిగితే నిజం సెప్తాడేటి?"

"అడక్కుంటే సెప్తాడేటి మరి?"

నాలుగో ఆదివారం దాకా లాడాల్ని ముట్టుకోలేదు. చుక్కల సంగతి బిసాహూకి తెలిస్తే జాగ్రత్తపడతాడని ఆయన భయం. ఆ రోజు రాయి ఇరుక్కుందేమో చూస్తున్నట్టు నటించి, బిసాహూ అటు తిరిగినప్పుడు, చమేలీ కుడి ముందు కాలు ఒక్కటి ఎత్తి చూశాడు. పై చుక్క లేదు. రెండోది గోటితో తడిమితే గానీ తెలియడం లేదు.

కాలు దించి ఏమీ ఎరగనట్టు చేతులు దులుపుకున్నాడట. మర్నాడు షాపులో మూడు ముక్కలు ఎక్కువ కాల్చి పాడుచేశాడు. ఆయన చేతిలో ఇనుము పాడవడం ఇరవై ఏళ్లలో నేను చూడటం అదే మొదలు.

ఐదో ఆదివారం చమేలీ జూలులో చిక్కుకుని ఒక వెండి జరీ పోగు దొరికింది. దాన్ని రుమాల్లో కట్టుకొచ్చి వరహాలమ్మ ముందు పెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇప్పుడేటంటావు?"

"బాదరపదంలో పెళ్లిళ్లేటి మావా?" అందామె.

"పెళ్లిళ్లు కాకపోతే గణేశ్ ఝాంకీలు. ఊరంతా ఊరేగింపులే కదా. ఇంకో నెల ఉంచితే ఎడం వెనక గిట్ట విచ్చుకుంటాది. కుంటి గుర్రాన్ని ఎవుడు సాకుతాడు? చెన్నకేశవులుతో మాటాడొచ్చాను. వచ్చే ఆదివారం తెచ్చేస్తాను."

"పాల బండికి కట్టిస్తావా? నువ్వే?"

"సందుల్లో బురదే, తారు కాదు. నా కళ్ల ముందుంటాది."

వరహాలమ్మ రుమాలు మడిచి ఆయన చేతిలోనే పెట్టింది. "నీ కళ్లు నమ్ముకున్నావా, నీ కోపం నమ్ముకున్నావా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం నన్ను తోడు రమ్మన్నాడు. పగ్గం, సుత్తి, పట్టకారు, ఆకురాయి సంచిలో పెట్టుకున్నాం. బిసాహూ పొలంలో ఉన్నాడు. కబురు పెడితే మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు.

"గుర్రాన్ని తీసుకెళ్తున్నాను" అన్నాడు అమ్మిరాజు.

బిసాహూ పక్కకి జరిగి దారి ఇచ్చాడు. "నీ గుర్రం. తీసుకెళ్లు."

ఆ మాట కూడా ఆయనకి తప్పు చేసినవాడి మాటలాగే వినిపించిందని మొహం చూస్తే తెలిసింది. కానీ అంత దూరం నడిపించాలంటే ముందు గిట్టలు చూడాలి. ఎంత కోపంలో ఉన్నా ఆ పని వదిలే మనిషి కాదు. దాచుకునే అవసరం కూడా ఇక లేదు. వంగి కుడి ముందు కాలు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పై రెండు చుక్కలూ పోయాయి. "సూడు" అని నాకు చూపించి, ఎడమ ముందు కాలు ఎత్తాడు.

మూడు చుక్కలూ ఉన్నాయి.

అరచేత్తో మట్టి తుడిచి మళ్లీ చూశాడు. వెనక కుడి కాలు, మూడు. వెనక ఎడమ కాలు, చీలి మళ్లీ పెరిగిన గిట్ట, కొత్తగా కొట్టినట్టే మూడు.

రోడ్డు మీద నడిచిన గుర్రానికి ఒక్క కాలే అరగదు. ఆ సంగతి అమ్మిరాజుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన నడుం ఎత్తకుండానే కొట్టం నేల వైపు చూశాడు. తొట్టి ముందు, కుడి పక్కన, ఇటుకల్లో జానెడు గుంట.

"ఇది ఎవరు తవ్వారు?" అన్నాడు.

"అదే" అన్నాడు బిసాహూ. "రోజూ సాయంత్రం మొదలుపెడుతుంది. ఎండ ఆ గోడ మీదకి ఎక్కిందంటే చాలు, కుడి కాలితో కొట్టుకుంటూ నిలబడుతుంది. నేను పొలం నుంచి వచ్చి మేత వేసేసరికి చీకటి పడుతుంది. అందాకా ఆపదు. రెండుసార్లు ఇటుకలు మార్చాను."

ఎండ గోడ మీదకి ఎక్కే వేళంటే నాలుగున్నర. షాపు సైరన్ కూసే వేళ. అభన్‌పూర్‌లో సైరన్ లేదు, కానీ ఆరేళ్ల అలవాటు దాని కడుపులో కూస్తూనే ఉంది.

అమ్మిరాజు రుమాల్లోంచి జరీ పోగు తీశాడు. "మరి ఇది?"

ముసలామె మాట అందుకుంది. "పోలా పండగరోజు ఎద్దులకి జరీ దండలు కట్టాను. ఇది ఇటే చూస్తుంటే మనసొప్పక దీనికీ ఒకటి కట్టాను. సగం నమిలేసింది."

బిసాహూ ఎడమ ముందు కాలు వైపు గడ్డంతో చూపించాడు.

"ఆ మూడు చుక్కలూ నేను మొదటి రోజే చూశాను మిస్త్రీ. గిట్టలు కడగకుండా గుర్రాన్ని సాలలోకి ఎక్కించను."

"చూసి ఎందుకు అడగలేదు?"

"నువ్వు ఎందుకు అడగలేదు? రెండు వారాల కింద నువ్వు ఒక్క కాలే ఎత్తావు. మిగతావి కూడా ఎత్తుతావని చూశాను. ఎత్తలేదు. నేను నోటితో చెప్తే నమ్ముతావా? ఇనుము చెప్పేదాకా నమ్మే మనిషివి కాదు నువ్వు."

అమ్మిరాజు క్షమించమని అనలేదు. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. సంచి విప్పి, పట్టకారుతో అరిగిన లాడం పీకి, గిట్టని ఆకురాయితో సరిచేశాడు. తర్వాత బిసాహూని పార అడిగి తీసుకుని, తొట్టి ముందు ఇటుకలన్నీ తానే పెళ్లగించి, అక్కడ మెత్తటి ఇసుక మట్టి నింపి తొక్కాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. బిసాహూ మట్టి మోసి పోశాడు. ఇద్దరూ ఒకే జట్టు కూలీల్లా చేశారు.

పని చివరికొస్తుండగా రాయపూర్ నుంచి ధమ్తరీ వెళ్లే సాయంత్రం బండి కూత పెడుతూ పొలాల అవతల నుంచి వెళ్లింది. చమేలీ చెవులు లేపింది. అమ్మిరాజు పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇది రోజూ ఇదే వేళకి వస్తాదా?"

"ఓ పది నిమిషాలు అటూ ఇటూ."

"ఉలవలు ఎక్కడున్నాయి?"

ముసలామె తెచ్చిన ఉలవలు తొట్టిలో పోశాడు. బండి కూత ఇంకా వినబడుతూనే ఉంది. "రోజూ ఈ కూత వినగానే వెయ్యమ్మా. కొడుకు వచ్చేదాకా ఆగొద్దు. పదిహేను రోజుల్లో నేర్చుకుంటాది" అన్నాడు. పగ్గం మళ్లీ సంచిలో పెట్టేశాడు.

చెన్నకేశవులుకి గుర్రం రాదని నేనే వెళ్లి చెప్పాల్సొచ్చింది. "ఆ కమ్మరోడికి మాట మీద నిలకడ లేదు" అన్నాడాయన. నేను కాదనలేదు.

తర్వాతి ఆదివారం కుడి కాలికి కొత్త లాడం కొట్టాడు. దాని మీద కూడా మూడు చుక్కలున్నాయి. బిసాహూ చూసి, "ఈసారి ఇంకాస్త లోతుగా కొట్టాల్సింది మిస్త్రీ, నాకు కళ్లు సరిగ్గా ఆనవు" అన్నాడు. అమ్మిరాజు మూతి బిగించుకున్నాడు గానీ, మేకు కొట్టే సుత్తి ఒక దెబ్బ తప్పింది.

మరో నెలకి నేనూ వెళ్లాను. అమ్మిరాజు చమేలీ మెడ నిమిరి, కుడి ముందు కాలు ఎత్తి చూశాడు. మూడు చుక్కలూ ఉన్నాయి. కాలు దించి, చేతులు దులుపుకున్నాడు.

"మిగతా మూడు?" అన్నాడు గుమ్మంలోంచి బిసాహూ.

అమ్మిరాజు ఆయన వైపు ఒకసారి చూసి, మళ్లీ వంగి, ఒక్కో కాలూ ఎత్తి చూశాడు. తొందరపడకుండా, మూడూ.