హారన్ తీగ

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ముసలమ్మ. పటాన్‌చెరులో మేము కిరాయికుండే గది ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా ఉరికొచ్చింది.

"బిడ్డా, పెద్దసారు కారు సైకిల్ మనిషిని గుద్దిందంట. నీ మొగడు హారన్ పీకిండని అంటున్రు. పోలీసోళ్ళు జీపుల ఏస్కొని సంగారెడ్డి తీస్కపోయిన్రు. లే, జల్దీ లే!"

ఆమే నన్ను లేపి, చాటలోని బియ్యం డబ్బాలో పోసి, తలుపుకు గొళ్ళెం పెట్టింది. పని వదిలి వచ్చినందుకు మరునాడు ఆమెను అందరి ముందూ తిట్టారు. ఆ మేలుకు ఈనాటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

డెబ్భైల మొదటి రోజులవి. బొంబాయి రోడ్డు పక్కన ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. మా ఆయన అలాంటి ఒకదాంట్లో కరెంటు పని చేసేవారు, టెంపరరీగా. నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పారు. పర్మినెంట్ అన్న మాట అందులో ఎక్కడా చదవలేదు గానీ, ఆ రోజుల్లో నా ప్రార్థనంతా ఆ ఒక్క మాటే.

ఆ మాట ఫ్యాక్టరీ నడిపే పెద్దసారు నోట్లో ఉండేది. ఆయనకొక పాత ఫారిన్ కారు. రెండే సీట్లు, బట్ట కప్పు, నేలకు ఆనుకుని పాకుతున్నట్టు ఉండేది. పందేల్లో ఉరికిన కారని చెప్పుకునేవాడు. ఉరకడానికి లోటు లేదు, లైట్లకే ఎప్పుడూ రోగం. ఎడమ సిగ్నల్ వేస్తే బ్రేకు లైటు మినుకుమనేది. గుంతలో పడితే ముందు లైటు ఒకటి ఆరిపోయేది, ఇంకో గుంతలో పడితే వెలిగేది. గుడ్డ చుట్టిన పాతకాలపు తీగలు. ముట్టుకుంటే గుడ్డ పొడిపొడిగా రాలేది.

ఆదివారం ఆరాధన కాగానే మా ఆయన సారు బంగళాకు వెళ్ళేవారు. కారు చుట్టూ తిరిగి ఏ లైటు వెలిగిందో చెప్పే మనిషి కావాలి కనుక నన్నూ తీసుకెళ్ళేవారు. "కరెంటు పోయిన దారినే మళ్ళ రావాలె," అని నాకు చెప్పేవారు. "ఆ దారి తుప్పువట్టి మూస్కపోతే పక్కింట్లకెళ్ళి జొరవడ్తది. అందుకే గీ లైటుకు వొయ్యేది గా లైటుల కనవడ్తది." గరుకు కాగితంతో తుప్పు గీకి, మర బిగించి, "ఇప్పుడు?" అని అరిచేవారు. "ఎలిగింది!" అని నేను అరిచేదాన్ని.

పెద్దసారుకు ఒక ఆట ఉండేది. మా ఆయన ముందు లైటు వెనక తల దూర్చి పని చేస్తుంటే, చప్పుడు చేయకుండా వచ్చి సీట్లో కూర్చుని హారన్ నొక్కేవాడు. హారన్ సరిగ్గా చెవి పక్కనే. ఈయన ఎగిరిపడితే తల బానెట్‌కు కొట్టుకునేది.

"క్యా బిజిలీ, షాక్ కొట్టిందా?" అని సారు నవ్వేవాడు. బిజిలీ, అంటే కరెంటు, మా ఆయనకు సారు పెట్టిన పేరు. డ్రైవరూ, వాచ్‌మనూ, వంటమనిషీ నవ్వేవారు. నవ్వకపోతే వాళ్ళకు మాత్రం పనులుంటాయా?

"లేద్సార్," అని మా ఆయన కూడా నవ్వేవారు.

"ఎగురుడు మంచిగ నేర్చినవ్. లైట్లు గూడ మంచిగ చెయ్యి, పర్మినెంట్ చేస్త."

కొన్నాళ్ళకు మా ఆయన కుడిచెవి వినికిడి పోయింది. గుడిలో పాస్టరు అయ్యగారి వాక్యం వినడానికి ఎడమచెవి తిప్పి కూర్చునేవారు. అప్పటినుంచి బానెట్ ఎత్తగానే ముందు హారన్ తీగ ఊడదీసి, పనంతా అయ్యాక మళ్ళీ తగిలించడం అలవాటు చేసుకున్నారు.

ఆ రోజు పట్నం నుంచి సారు దోస్తు వచ్చాడు. షికారుకు పోవాలని ఇద్దరికీ తొందర. ముందు లైటు రెండోది వెలిగిందని నేను అరిచానో లేదో, సారు బానెట్ మూసి సీట్లో కూర్చున్నాడు.

"సార్, జెర ఆగుండ్రి! హారన్ తీగ పెట్టలే!" మా ఆయన కారు వెంట ఉరికారు.

"నువ్వే నోటితోటి కొట్టుకుంట రా వెనకాల!" అన్నాడు సారు. దోస్తు పడిపడి నవ్వాడు. కారు గేటు దాటింది. నన్ను ఇంటికి పంపి, ఆయన సామాను సర్దుకోవడానికి ఆగారు. తర్వాతే ముసలమ్మ వచ్చింది.

కారు గుద్దింది వెలిమెల దిక్కు నుంచి సైకిల్ మీద ఇంకో ఫ్యాక్టరీకి డ్యూటీకొచ్చే మనిషిని. మోకాలి కింద కాలు తీసేశారు. "బిజిలీ పగబట్టి హారన్ పీకాడు, నేనెంత నొక్కినా మోగలేదు" అని సారు ఠాణాలో చెప్పాడు. తీగ ఊడదీసింది తానేనని మా ఆయనా ఒప్పుకున్నారు. ఎందుకు ఊడదీశారో, ఆగమని ఎలా మొత్తుకున్నారో బంగళాలో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. నా మాట పెళ్ళాం మాట, లెక్కలోకి రాదు. ఇక ఆయన జైలుకు పోవడమా, ఇంటికి రావడమా అన్నది కాలు పోయినాయన చెప్పేదాన్ని బట్టి ఉంది.

సారు మనుషులు దవాఖానకు వెళ్ళి ఆయనతో అన్నారట: "హారన్ మోగలేదని చెప్పు చాలు, ఇంకేం మాట్లాడకు. గేటు కాడ కూసోని చేసే నౌకరి ఇప్పిస్తం."

పోలీసులు మా ఆయన్ను కూడా మంచం దగ్గరికి తీసుకెళ్ళి అడిగినప్పుడు, కాలు పోయినాయన అన్నది ఈయన పక్కనుండి విన్నారు.

"హారన్ మోగలే, నిజమే. మరి బిరేకు గూడ లేకుండెనా? ఆయన సూపు రోడ్డు మీద లేదు. దోస్తు దిక్కు తిరిగి నవ్వుతుండె. నాకు పండ్లన్ని కనవడ్డయి."

మా ఆయన ఇంటికొచ్చారు. గేటు నౌకరీ ఆ మనిషికి రాలేదు. ఉన్న పని కూడా, ఒంటికాలితో మిషను మీద ఎట్లా నిలబడతావని, తీసేశారు. పెద్దసారుకు ఏమీ కాలేదు. లైట్లకు ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. అతనికీ హారన్ కొట్టి ఎగిరిస్తున్నాడని విన్నాను. మా ఆయన్ను ఫ్యాక్టరీ నుంచి పంపేశారు. ఆయనతో కలిసి అన్నం తిన్నవాళ్ళే సైకిళ్ళ మీద పోతూ, చెవిటి చెవి పక్కన బెల్లు కొట్టి, "అన్నా, మోగుతుందా?" అనేవారు.

శత్రువుల కోసం ప్రార్థించమని నాన్న నేర్పారు. ప్రార్థించాను, పండ్లు బిగబట్టి.

కాలు పోయినాయన ఇంకా దవాఖానలో ఉండగానే జామపండ్లు పట్టుకుని వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలోనే నిలేసింది. "నీ మొగడు తీగ పీకకపోతె నా మొగనికి కాలుండేది. ఏ మొకం వెట్కొని వచ్చినవ్?" సంచి తీసుకుని వరండాలో పెట్టేసింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. లోపలి నుంచి ఆయన నావైపు చూడకుండానే అన్నాడు: "నీ మొగని కోసం చెప్పలేదమ్మా. అయింది చెప్పిన. పో ఇగ."

ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు. ఇది చదివే మీరు దేవుణ్ణి నమ్మేవారైతే ప్రార్థనలో, నమ్మనివారైతే ఊరికే మనసులో, వెలిమెల దిక్కు నుంచి సైకిల్ మీద వచ్చిన ఆ మనిషిని ఒక్కసారి తలచుకోండి. మమ్మల్ని మరిచిపోయినా ఫర్వాలేదు, ఆయన్ను మాత్రం మరవకండి.