లోడు దాచిన మేస్టారు

ట్రాన్స్‌ఫార్మర్లను దొంగలు ఎత్తుకుపోతారని మీరు వినే ఉంటారు. కానీ ఊరి మేలు కోరే పెద్దమనిషి ఒకడు, పట్టపగలు, పదిమంది ఎదుట, ఉతికిన పంచె కట్టుకుని నిలబడి, సొంత ఊరి ట్రాన్స్‌ఫార్మరును పొరుగూరికి దాదాపు సాగనంపడం విన్నారా? వినలేదు కదా. ఆ పెద్దమనిషిని నేనే. కూర్చోండి, చెబుతాను.

ఇది ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై రెండు. అంటే కుర్రతనం. బడి నుంచి రిటైరై, బొబ్బిలి దగ్గర మా పల్లెలో కాళ్లు చాపుకుని కూర్చునేసరికి చెప్పడానికి పాఠం లేదు, వినడానికి పిల్లలు లేరు. నోరు ఊరుకుంటుందా? కరెంటును పట్టుకుంది.

మా పొలాల్లో ఆరు మోటార్లకు వేసిన ట్రాన్స్‌ఫార్మరు మీద పదిహేను మోటార్లు ఆడేవి. ఆడేవి అనకూడదు, బొబ్బిలి వీణల్లా మూలిగేవి. సంగీతం వచ్చేది గానీ నీళ్లొచ్చేవి కావు. మా మేనమామ కూతురు నర్సమ్మ ఆ ఏడు రెండెకరాల మొక్కజొన్న వేసింది. లో వోల్టేజికి ఆమె మోటారు అప్పటికే రెండుసార్లు కాలింది. మూడోసారి కాలితే పంట ఎండినట్టే. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వేయండి బాబూ అని అడిగితే కరెంటు కంపెనీవాళ్లు "మా రిజిస్టరు ప్రకారం లోడు సరిపోయింది" అనేవారు. రిజిస్టరులో మా ఊరు సుభిక్షంగా ఉండేది.

ఇంతలో, ఆ కంపెనీ మీద నిఘా పెట్టే కమిషనువారు జనం గోడు వినడానికి విజయనగరంలో సభ పెట్టారు. నేను లేచి గర్జించాను. హాలు దద్దరిల్లింది. సరే, దద్దరిల్లలేదు. నాకిచ్చిన మూడు నిమిషాల్లో రెండు మైకును తట్టడానికే పోయాయి. అయినా వారు దయతలచి, కంపెనీతో ఏ సంబంధమూ లేని ఆడిటర్లను పంపి లోడు కొలిపిస్తామన్నారు. గురువారం పదకొండింటికి వస్తున్నామని ఉత్తరం కూడా వచ్చింది.

"ఒసే నర్సమ్మా, మనూరికి ఆడిటు వస్తాదే!"

"ఆడిటేటి బావా? మరి మగిటు రాదేటి?"

"ఎకసెక్కాలు సాలు. కంపెనీవోళ్లు రాసుకున్నది నిజమో కాదో బయటోళ్లొచ్చి సూడ్డం. ఇనిస్పెక్షను లాటిది."

ఇన్‌స్పెక్షన్! ఆ మాట నా నోట్లోంచి ఊడిపడటమే కొంప ముంచింది. దాదాపు నలభై ఏళ్లు ఇన్‌స్పెక్షన్లు గట్టెక్కించినవాణ్ణి. తనిఖీ అంటే నాకు తెలిసిన శాస్త్రం ఒకటే: గోడకు సున్నం, వాకిట్లో ముగ్గు, చదువు రాని పిల్లవాడికి ఆ పూట సెలవు.

బుధవారం ఊరంతా తిరిగాను. ఆడిటు ముగిసేదాకా ఒక్క మోటారు ఆడకూడదన్నాను. ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ తుప్పలు కొట్టించాను. (తీగల మీది కొక్కేలు కూడా తీయించాను. ఎవరివని అడక్కండి, ఇది చదివేవాళ్లలో కరెంటువాళ్లు కూడా ఉంటారు.)

నర్సమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలదీసింది. "బావా, జొరం సూడమని డాకటేరుని పిలిసి, ఆయనొచ్చే యేలకి జొరం దించీసుకుంటామేటి?"

"నీకేటి తెలుసే? మర్యాదన్నది ఒకటుంటాది."

మా లైన్‌మన్ సింహాచలం నా పాత శిష్యుడే. వాడు తల గోక్కుంటూ, "మేస్టారూ, లోడు ఆపీస్తే..." అన్నాడు.

"ఒరే, రెండో ఎక్కం అప్పజెప్పలేనోడివి, నాకు లోడు గురించి సెప్తావురా?"

వాడు చేతులు కట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. క్రమశిక్షణ అంటే అదీ.

గురువారం జీపు దిగింది ముప్పయ్యేళ్ల ఇంజినీరు అమ్మాయి. నర్సమ్మ మోచేత్తో పొడిచి, "సూసావా, ఆడిటే వచ్చినాది" అంది. ఆ అమ్మాయి పటకారులా నోరు తెరిచే మీటరు తీసి తీగకు పట్టింది. చూసింది. విదిలించి మళ్లీ చూసింది.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా మాస్టారూ?"

"ఎప్పుడూ ఇంతేనమ్మా. క్రమశిక్షణకు మా ఊరు పెట్టింది పేరు."

"చాలా బాగుందండీ. అసలు లోడే లేదు."

"అంతా మీ అభిమానం" అని చప్పట్లు మొదలుపెట్టాను.

"అందుకే ఈ ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడ అనవసరమనీ, అవసరమున్న ఊరికి మార్చవచ్చనీ రాస్తున్నాను."

నా చప్పట్లు మూడోదాని దగ్గర గాల్లోనే ఆగిపోయాయి. రోగి దాచింది రోగమే, వైద్యుడు రాసింది ఆరోగ్యమే!

సింహాచలం నా చెవిలో గొణిగాడు. "ఇనిస్పెక్షనుకి నన్ను ఎలాగ దాచీసీవోరో, లోడునీ అలాగే దాచీసినారు మేస్టారూ."

"ఓలమ్మో, నా మొక్కజొన్న!" నర్సమ్మ చీర బిగించి చేలోకి పరుగెత్తింది. "ఒరే, సూస్తారేటి? ఏసీండ్రా మోటార్లు!"

పదిహేను మోటార్లూ ఒక్కసారే లేచాయి. మీటరులో అంకెలు నౌపడ స్టేషనులో ఆగని రైలులా దూసుకుపోయాయి. ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంది, వణికింది, పొగ కక్కింది, ఢామ్మంది. కొంగలూ కుక్కలూ తలో దిక్కూ పట్టాయి. నేను మాత్రం కొండలా నిలబడ్డానని ఇన్నేళ్లూ చెప్పుకుంటున్నాను. అబద్ధం. తుప్పలన్నీ నేనే కొట్టించడం వల్ల దాక్కునే చోటు లేక, జీపు వెనక దొరికిపోయాను.

ఆ అమ్మాయి చెవుల మీంచి చేతులు తీసి, "రోజూ ఇలా పేలుతుందా?" అంది.

"లేదమ్మా. రోజూ అయితే ఈపాటికి రెండుసార్లు పేలీది" అంది నర్సమ్మ.

"చూడండి, నేను కంపెనీ మనిషినీ కాదు, మీ మనిషినీ కాదు. చూసిన కొలతలు రెండూ రాస్తాను. మొదటిది అలా ఎందుకొచ్చిందో ఎవరైనా రాసి సంతకం చేయాలి. లేకపోతే అదీ నిజమే అవుతుంది."

ఊరంతా నావైపు తిరిగింది. నేను గొంతు సవరించుకుని, "వాతావరణ ప్రభావం వల్ల..." అని ఎత్తుకున్నాను.

"బావా! నా పంట ఎండిపోతే ఇంటిల్లిపాదీ వచ్చి నీ ఇంట్లోనే కూకుంటాం. సూసుకో."

వాళ్లింట్లో తొమ్మిదిమంది. వెంటనే రాశాను: "మోటార్లు ఆపించింది నేనే. తనిఖీ అంటే తప్పులు దాచడం అనుకున్నాను." ఇన్నేళ్లూ పిల్లల తప్పులు దిద్దిన చేత్తో, సొంత తప్పు కింద సంతకం పెట్టడం అదే మొదలు.

ఆ అమ్మాయి పేలిపోయిన ఫ్యూజులు తిరిగి వేయించి, వారం పాటు లోడును దానంతట అదే రాసుకునే పెట్టె ఒకటి బిగించి వెళ్లింది. నర్సమ్మ చేలో పొత్తులు గింజ కట్టే వేళకు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. నా వ్యూహం వల్లే వచ్చిందని పొరుగూళ్లలో ఇప్పటికీ చెబుతుంటాను. మీరు బయటపెట్టకండి. ఎందుకంటే, తర్వాతి సభలో కమిషనువారు ఆడిటు నివేదిక పైకి చదివించారు. "మొదటి కొలతలో లోడు కనబడకపోవడానికి కారణం: విశ్రాంత ఉపాధ్యాయుడు." హాల్లో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. లేచి నమస్కారం పెట్టాను.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ తనిఖీకీ దేన్నీ సర్దను, కడగను, దాచను. ఎల్లుండి శ్రీకాకుళంలో నాకు షుగరు పరీక్ష ఉంది. ఈ రెండు రోజులైనా తీపి మానమని మా ఆవిడ పోరుతోంది. ఎలా మానతాను? కొలిచేవాళ్లకు ఉన్న లోడు ఉన్నట్టు కనబడాలా వద్దా? అందుకే నర్సమ్మ పంపిన బెల్లం పాకుండలు ముందర పెట్టుకునే ఈ ముక్క రాస్తున్నాను. ప్రస్తుతం నాలుగోది ఆడుతోంది.