సున్న పెట్టని దుకాణం

ప్రేమలతకు భయపడటం కొత్త కాదు. బల్లి అరిచినా భయమే, కరెంటు మీటరు చూసే మనిషి తలుపు తట్టినా భయమే. ఆరేళ్ల కిందట భర్త పోయాక ఈ చిల్లర భయాలన్నీ వెనక్కి జరిగాయి. వాటి చోట ఒక పెద్ద భయం వచ్చి గల్లా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మట్టెవాడలో ఆమెది పెళ్లి సామాను దుకాణం మరి. బొట్టు లేని మనిషి చేతి మీదుగా బాసికాలు ఎవరు కొంటారని పదకొండో రోజునే చుట్టాలు గుసగుసలాడారు, అదీ ఆమెకు వినపడేంత గట్టిగా.

కొన్నవాళ్లు కొన్నారు. గడప దాకా వచ్చి, ఆమె నుదురు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనుదిరిగిన వాళ్లూ ఉన్నారు. అలా ఒకరు తిరిగి వెళ్లిన రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

అందుకే వెబ్‌సైట్. స్రవంతి అని దూరపు చుట్టం, హన్మకొండలో చిన్న దుకాణాల వాళ్లకు వెబ్‌సైట్లు చేసి పెడుతుంది. ఆ పిల్ల వచ్చి గంటసేపు దాని గొప్పలు చెప్పింది. ప్రేమలత చెవికెక్కినది ఒక్క మాటే: ఫోనులో కొనేవాళ్లకు అమ్మేవాళ్ల ముఖం కనపడదు. మిగతాదంతా ఎటు పోయినా సరే, అది చాలనుకుంది.

ఫోటోలు తీయడానికి రెండు రోజులు పట్టింది. గరిగె కుండలు, తలంబ్రాల పళ్లేలు, బాసికాలు. పసుపు పట్టు మీద శంఖచక్రాలు కుట్టిన అడ్డుతెర వంతు వచ్చేసరికి దుకాణంలో అది లేదు. ధర్మసాగర్‌లో ఒకామె కుట్టి ఇస్తుంది, ఒక్కోదానికి పది రోజులు. ఆఖరుది వారం కిందటే అమ్ముడుపోయింది. ఫోటో కోసం ప్రేమలత ఇనప్పెట్టె తెరిచి తన పెళ్లి నాటి అడ్డుతెర తీసి గోడకు కట్టింది. ఆమె అత్త యాకమ్మ స్వయంగా కుట్టిన తెర అది. స్రవంతి ఫోటో తీసుకుంది. ప్రేమలత తెరను మళ్లీ మడిచి పెట్టెలో పెట్టింది.

ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో రాయమంది స్రవంతి. అడ్డుతెర దగ్గర ప్రేమలత ఒకటి అని రాసింది. లేదు కదా ఆంటీ, సున్న పెట్టాలి, అప్పుడు సైటే లేదని చెబుతుంది అంది ఆ పిల్ల. ప్రేమలతకు ఒళ్లు జలదరించింది. గల్లా మీద కూర్చున్నాక నోట్లోంచి లేదన్న మాట రాకూడదని కాపురానికి వచ్చిన కొత్తల్లోనే నేర్పింది అత్త. ఇంట్లో బియ్యం అయిపోతేనే నిండుకున్నాయంటాం, లక్ష్మి కూర్చునే చోట లేదంటామా? సరుకు లేకపోతే రేపొస్తుందనాలి, కొనేవాడిని కూర్చోబెట్టి పక్క దుకాణం నుంచి తెప్పించాలి. ముప్పై రెండేళ్లు అలాగే నడిచింది. దుకాణంలో నడిచింది కదా, ఫోనులో ఎందుకు నడవదు అనుకుంది అమాయకురాలు. అయిపోయిన ప్రతి సరుకు దగ్గరా ఒకటి ఉంచేసింది.

మొదట్లో బాగానే సాగింది. జనగామ నుంచి, ములుగు నుంచి ఆర్డర్లు వచ్చాయి. అయితే కొన్నవాళ్లు తమ అభిప్రాయం కిందనే రాస్తారని, అది అందరికీ కనపడుతుందని స్రవంతి ఒకసారి మాటల్లో చెప్పింది. ప్రేమలతకు ఇంకో భయం పట్టుకుంది. బజారులో మాట సాయంత్రానికి చల్లారుతుంది. ఇక్కడ రాసిన మాట ఎక్కడికి పోతుంది? ముండమోపి చేతి సామాను అని ఒక్కరు రాస్తే చాలు, దుకాణం మూసుకోవాల్సిందే. ఆ రోజు నుంచి ఫోను మోగితే చాలు, ముందు చేతులు చల్లబడేవి.

ఒక సోమవారం వర్ధన్నపేట నుంచి ఆర్డరు వచ్చింది. శంఖచక్రాల అడ్డుతెర, ఒకటి. గురువారం పదకొండు ఇరవైకి ముహూర్తం, బుధవారం వచ్చి తీసుకుంటాం.

ధర్మసాగర్ ఆమెకు ఫోను చేస్తే పది రోజులకు ఒక్క పూట కూడా తగ్గదంది. బజారంతా గాలించినా అలాంటిది దొరకలేదు. వర్ధన్నపేటకు ఒక్క ఫోను చేసి లేదని చెబితే పోయేది. కానీ ఆ మాటకు ఆమె నోరు తిరగదు. పెళ్లికూతురు తల్లి బక్కమ్మ తానే రెండుసార్లు ఫోను చేసింది. రెండుసార్లూ ప్రేమలత రేపొస్తది అక్కా అంది. అన్నాక ఫోను వంక చూడటానికి కూడా భయపడింది.

బుధవారం మధ్యాహ్నం బక్కమ్మ బస్సు దిగి, దారి అడుక్కుంటూ వచ్చింది. ప్రేమలత చప్పున కొంగు నుదుటి దాకా లాక్కుంది.

"అడ్డుతెర ఏది చెల్లె?"

రేపొస్తదనబోయింది. రేపు పెళ్లి.

"లేదక్కా," అంది.

బక్కమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఫోన్ల ఒకటున్నదని రాసి ఉండె గద. సోమవారమే లేదంటే ఇంకో దిక్కు సూసుకునేదాన్ని. నా బిడ్డ ఆ ఫోటో ఊరందరికి సూపెట్టింది. గా ఫోటోల ఉన్నదెవరిది మరి?"

"నాదే. నా పెండ్లిది." దాచి లాభం లేదని కొంగు వదిలేసింది. "ఆయన పోయి ఆరేండ్లాయె. అది మీ పెండ్లికి పనికిరాదు అక్కా."

బక్కమ్మ ఆమె నుదుటి వైపు చూసింది. ఈ మనిషి ఇప్పుడు ఏమంటుందో, ఊరికి పోయి ఏం రాయిస్తుందో అని ప్రేమలత గల్లాపెట్టె అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎన్నేండ్లు కాపురం జేసిన్రు?"

"ఇరవై ఆరు."

"మంచిగ సూసుకున్నడా?"

ఏం రోగమని అడిగారు, ఏ దవాఖానలో చూపించారని అడిగారు. ఈ ఆరేళ్లలో ఈ మాట అడిగిన మనిషి లేదు. ప్రేమలతకు ఏడుపు పొంగుకొచ్చింది.

"సూసుకున్నడు."

"అయితె తియ్యి," అంది బక్కమ్మ.

ప్రేమలత పెట్టెలోంచి తీసిచ్చిన తెర సంచిలో పెట్టుకుని బక్కమ్మ బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయింది. ప్రేమలత ఫోను తీసి వెబ్‌సైట్ తెరిచింది. రేపు పదకొండు ఇరవైకి వధూవరుల మధ్య ఆ తెర దించేదాకా ఆమెకు ఈ భయం తగ్గదు. ఆ భయంతోనే అడ్డుతెర పక్కనున్న ఒకటి చెరిపేసి, సున్న పెట్టింది.