షెన్ గారికి ఎన్ని ఓట్లు

చైనా వాళ్లకి డెమోక్రసీ సెట్ కాదని మా అరోరా ఊళ్లో తెలుగువాళ్ల ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ ఎవరో ఒకరు తీర్పు చెబుతుంటారు. చేతిలో బిర్యానీ ప్లేటు, నోట్లో బుల్లెట్ రైళ్ల కబుర్లు. "తిండి, పని, రోడ్లు ఉంటే చాలండీ వాళ్లకి. ఓటుతో ఏం పని?" అంటారు. ఇకమీదట నా ముందు ఆ మాట అన్నవాళ్లకి మా పక్కింటి షెన్ గారి సంగతి చెప్పి గాని వదలను. వింటారో, ప్లేటు పట్టుకుని లేచిపోతారో వాళ్లిష్టం.

షెన్ గారిది మా టౌన్‌హోమ్స్ వరసలో చివరి ఇల్లు. ఒక మెషిన్ షాపులో ఇనప భాగాలు కోసే పని. భార్య పోయింది, కూతురు టెక్సస్‌లో ఉంటుంది. పెరట్లో కాకర పాదు వేసి, కాయలు మా గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టకుండా వెళ్లిపోయేవారు. ఒకసారి ఆ కాయలతోనే పులుసు చేసి ఇచ్చాను. తిని, "ఇంత బెల్లం వేసేదానికి కాకరకాయ ఎందుకమ్మా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది గాని, ఉన్నమాట మొహం మీదే అనే మనిషి ఈ కాలనీలో ఒక్కరైనా ఉన్నారని సంతోషమూ వేసింది.

ఆయనే ఒకరోజు పాదు దగ్గర నిలబడి చెప్పారు. 1980లో, చైనాలో, హునాన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఆయన ఫ్యాక్టరీ కార్మికుడు. స్థానిక ఎన్నికల్లో ఎవరైనా పోటీ చెయ్యొచ్చని పైనుంచి ప్రకటన వచ్చిందట. కార్మికుల స్నానాల గదికి వేడినీళ్లు కావాలని ఈయన నిలబడ్డారు. జనం వరస కట్టి ఓట్లేశారు. పెట్టెలు పట్టుకెళ్లారు. మర్నాడు గెలిచినవాడి పేరొక్కటే గోడకి అంటించారు. నాకెన్ని వచ్చాయని అడిగితే, "నీకెందుకు?" అన్నారు. ఈయన తరఫున ప్రచారం చేసిన స్నేహితుణ్ని ఎక్కడికో బదిలీ చేసేశారు.

"ఓడిపోయే ఉంటాను. కానీ నాకెంతమంది వేశారు? ఇద్దరా? రెండొందలమందా? ఇప్పటికీ తెలియదు," అన్నారు.

"మీ దేశంలో డెమోక్రసీ వస్తుందంటారా?" అని అడిగాను, నేనేదో పెద్ద తెలిసినదానిలా.

"మా వాళ్లకి ఓటు వేయడం వచ్చమ్మా. పైనున్నవాళ్లకే లెక్కపెట్టడం రాదు."

ముసలి తల్లి అక్కడ ఉందని ఆయన చైనా పాస్‌పోర్ట్ వదిలి ఇక్కడి పౌరసత్వం తీసుకోలేదు. గ్రీన్ కార్డ్ ఉన్నా ఇక్కడ ఓటు లేదు. మా తెలుగువాళ్లలోనూ చాలామందికి లేదు. హెచ్‌వన్‌బీ వీసా మీద కొందరం, గ్రీన్ కార్డ్ క్యూలో కొందరం. ఈ దేశంలో మా అందరికీ ఉన్నది ఇళ్ల యజమానుల సంఘం ఓటొక్కటే. ఇంటికొకటి. దాన్ని మావాళ్లు ఏం చేశారో వినండి.

సంఘానికి ప్రెసిడెంటు కేశవరావు గారు. ఇళ్లు కట్టినప్పటి నుంచీ ఆయనే, ప్రతి ఏడాదీ ఏకగ్రీవమే. నవంబర్ రాగానే సున్నుండల డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "ఈ చలిలో మీటింగ్‌కి మీరెందుకు రావడం? ప్రాక్సీ మీద సంతకం పెట్టెయ్యండి, మీ ఓటు నేను వేస్తాను," అంటారు. అందరూ పెట్టేస్తారు. ఎందుకూ? మొహమాటం! పెద్దాయన గడప తొక్కితే కాదంటామా అని మొహమాటం. మా జాతికి పట్టిన తెగులు.

2012లో షెన్ గారు పోటీకి దిగారు. మంచు తోసే బండివాడు వీధిలోని మంచంతా తెచ్చి మా చివరి ఇళ్ల ముందు గుట్ట పోస్తున్నాడు. కేశవరావు గారితో రెండు చలికాలాలు మొత్తుకున్నా, "అడ్జస్ట్ అవ్వండి," అనడమే. షెన్ గారి నామినేషన్‌ని బలపరిచింది నేనే. ఇక చూడండి, వాట్సాప్‌లో ఒకటే గోల. పోయి పోయి చైనావాడు మనకి ఎలక్షన్ నేర్పాలా అని.

మా ఆయన రఘు ఏం చేశాడనుకున్నారు? నేను ఆఫీస్‌లో ఉండగా సంతకం పెట్టేశాడు.

"మరేం చెయ్యను పద్దూ? పెద్దాయన స్వీట్స్ పట్టుకుని ఇంటికొచ్చారు. కాదంటే బాగోదు కదా."

"బాగోదని ఓటిచ్చేస్తావా? రేపొచ్చి కారడిగితే?"

"కారెలా ఇస్తాం?"

"మరి!"

ఇంటి యజమాని స్వయంగా వెళ్తే ప్రాక్సీ చెల్లదని రూల్ ఉంది. ఇల్లు నా పేరు మీద కూడా ఉంది. వెళ్లాను.

క్లబ్‌హౌస్‌లో పాతికమంది కూడా లేరు. కేశవరావు గారు లేచి, "మై ఫ్రెండ్ షెన్, విత్‌డ్రా చేసుకోండి. ఎప్పట్లాగే ఏకగ్రీవం చేసుకుందాం," అన్నారు. షెన్ గారు తల అడ్డంగా ఊపారు. సరే, వచ్చినవాళ్లం చీటీలు రాసి అట్టపెట్టెలో వేశాం. అప్పుడు కేశవరావు గారు ప్రాక్సీల కట్ట పైకెత్తి చూపించారు.

"మెజారిటీ ఇదిగో, నా చేతిలోనే ఉంది. ఇంక పెట్టె తెరవడం దేనికి? ఆయన పరువు కూడా దక్కుతుంది. రండి, టీ చల్లారిపోతోంది."

జనం నిజంగానే కుర్చీల్లోంచి లేచారు! షెన్ గారు మాత్రం పెట్టె దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"పెట్టె తెరవండి," అన్నారు.

"ఇదేమన్నా చైనా అనుకుంటున్నాడా, దౌర్జన్యం చెయ్యడానికి?" అని వెనక వరసలోంచి వీరభద్రరావనే ఆయన తెలుగులో అరిచాడు.

నా ఒళ్లు మండిపోయింది. "సిగ్గుండాలండీ! ఓట్లు లెక్కపెట్టమంటే దౌర్జన్యమా? లెక్కపెట్టకుండా టీ తాగుదామనేది డెమోక్రసీయా? దానికి పనికిరారని మీరనేది ఎవర్నండీ?" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఎవరూ కదల్లేదు. నేనే వెళ్లి పెట్టె మూత చించాను.

పెట్టెలో షెన్ గారికి పదకొండు. కేశవరావు గారికి ఎనిమిది.

కాళ్లు కదిపి వచ్చినవాళ్లలో ఎక్కువమంది షెన్ గారికే వేశారు. ప్రాక్సీలు కలిపితే కేశవరావు గారే గెలిచారు, అది వేరే సంగతి. షెన్ గారు "పదకొండు," అని తనలో తాను అనుకున్నారు. కళ్లు తుడుచుకున్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కేశవరావు గారు సెక్రటరీ కృష్ణమోహన్ వైపు తిరిగి, మెల్లగా తెలుగులో, "మినిట్స్ పుస్తకంలో ఎప్పట్లాగే ఏకగ్రీవం అని రాసెయ్ నాయనా. గొడవలున్నాయని బయటికి తెలిస్తే బాగోదు," అన్నారు. కృష్ణమోహన్ సరేనని పెన్ను తీశాడు!

నేను ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేశాను. షెన్ గారి మొహం ఎర్రబడిపోయింది. ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

"నేను ఓడిపోయాను! నాకు పదకొండు వచ్చాయి! రాయండి!" అని బల్ల మీద చరిచారు.

టీ కప్పులు ఒలికాయి. కృష్ణమోహన్ కేశవరావు గారి మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. బిక్కచచ్చిపోయి, 11 అని వేశాడు.

షెన్ గారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు.

"అంకె దిద్దడం తేలిక," అన్నారు. "అక్షరాల్లో కూడా రాయండి."

రాశాడు. అంతా చదివాకే ఆయన కుర్చీలో కూర్చున్నారు.