ఏడో దెయ్యం నవ్వు

ఆ మధ్య మా మనవరాలు బడి నుంచి వస్తూ ఒక బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చింది. నిగనిగలాడే కాగితం, అట్ట మీద కోరలూ రెక్కలూ ఉన్నవాళ్ళ గుంపు. "అమ్మమ్మా, ఇది ఫస్ట్ ఇష్యూ. అందరూ పేయ్‌లే. ఒక టీము. మంచి పేయ్‌లు," అంది. మద్రాసు మాధవరంలో పుట్టిన పిల్ల, దెయ్యం అన్న మాట దానికి రాదు, తమిళంలో పేయ్ అంటుంది. బియ్యం ఏరుతున్నదాన్ని చాట కింద పెట్టేశాను. దెయ్యాల జట్టు మీద మొదటి సంచిక ఒకటి మా ఇంట్లో ఎప్పుడో పుట్టింది. పుట్టి, మా ఆయన్ని తీసుకుపోయింది. ఇదంతా రాసేంత చదువు నాకు లేదు. చిన్నప్పుడు కార్పొరేషన్ బళ్ళో తమిళ అక్షరాలు దిద్దానంతే. నేను చెప్తుంటే మా అమ్మాయి రాస్తోంది. ఏడుపొస్తే ఆగమంటాను, ఆగుతుంది.

మా ఆయన కోడంబాక్కంలో సినిమా బ్యానర్లు గీసేవాడు. హీరో ముక్కు ఒక్కటే మా ఇంటి తలుపంత ఉండేది. ఆయన మొహాలు మాత్రమే గీసేవాడు, పేర్లు రాయడానికి వేరే మనిషి. ఆయనకు రెండు భాషలూ మాట్లాడటమే గాని రాయడం తెలీదు. తర్వాత మిషన్లో అచ్చయ్యే ఫ్లెక్సులొచ్చాయి, గీయడానికి సారం కట్టెలెక్కేవాళ్ళందరూ కిందికి దిగిపోయారు. కొందరు ఆటోలకి నంబర్లు రాసుకున్నారు. మా ఆయన మాత్రం పెరంబూరులో మా ఒంటిగది ఇంట్లో, గోడకానుకుని, ఆ ఎండాకాలమంతా దెయ్యాలు గీశాడు. ఏడు దెయ్యాలు. అందరూ ఈ ఊళ్ళో పని చేస్తూ చచ్చినవాళ్ళే. రైలు పెట్టెల కార్ఖానాలో పోయిన ఫిట్టరు, తెల్లారి పాలు పోస్తూ లారీ కింద పడ్డ ఆమె, హీరో బదులు మేడ మీంచి దూకిన డూపు, ఇట్లాంటివాళ్ళు. బతికుండగా ఎవరూ పలకరించని వాళ్ళు, చచ్చాక జట్టు కట్టి, ఆపదలో ఉన్నవాళ్ళని ఆదుకోడానికి పోతారు. ఏడోవాడు సారం మీంచి జారిపడిన పెయింటరు. వాడికి మొహం కుదరక, నా చిన్న అద్దం లాక్కుని అందులోకి ఇకిలిస్తూ కూచునేవాడు మా ఆయన.

"ఏమే, నేను చచ్చి దెయ్యమై నవ్వితే ఎట్టుంటానో చూడు."

"ఇప్పుడు మాత్రం ఎట్టుండావు? అద్దం ఈడ పెట్టు, తల దువ్వుకోవాల."

పగలబడి నవ్వాడు. ఆ నవ్వే గీశాడు.

ఒక చిన్న ప్రెస్సు ఓనరు, తమిళాయన, పుస్తకం వేస్తానన్నాడు. అట్ట అచ్చుకి ఎక్కే రోజు పుస్తకం పేరేమిటని ఫోన్ చేశాడు. వెనక మిషన్ల మోత. కంగారు పడితే మా ఆయన తమిళంలో తెలుగు కలిసిపోయేది. "ఏళు దెయ్యం సార్, ఏళు దెయ్యం!" అని వీధంతా వినబడేట్టు అరిచాడు. తమిళంలో ఏళు అంటే ఏడు, తెయ్వం అంటే దేవుడు. ఓనరు చెవికి అదే వినబడింది. అక్షరాలు రాసేవాడు ఎంతో భక్తిగా 'ఏడు దేవుళ్ళు' అని తమిళంలో రాసి, అటు ఒక గంట, ఇటు ఒక దీపం వేసి పెట్టాడు. కట్టలు ఇంటికొచ్చాక నేను కూడబలుక్కుని చదివి చెప్తే, ఆట పట్టిస్తున్నాననుకుని ముందు నవ్వాడు. తర్వాత వీధిలోకి పోయి ఇంకొకరి చేత చదివించుకుని వచ్చాడు. వచ్చి గోడ వైపు తిరిగి కూచున్నాడు. దేవుళ్ళని కొన్న ముసలమ్మలు లోపల చూసి కొట్లవాళ్ళని తిట్టారట. దెయ్యాలు కావాల్సిన పిల్లలు అది దేవుడి పుస్తకమని ముట్టుకోలేదు. రెండో సంచిక వద్దనేశాడు ఓనరు. దానికోసం గీసిన పెన్సిలు బొమ్మల్ని మా ఆయన చాప కింద పరుచుకుని వాటి మీదే పడుకునేవాడు. మళ్ళీ కుంచె పట్టలేదు. ఒక పొద్దున లేవలేదు.

ఆయన పోయాక ఒక ఏడాది వాన నీళ్ళు ఇంట్లోకి మొలలోతు వచ్చాయి. మిగిలిన కట్టలూ పెన్సిలు బొమ్మలూ పెళ్ళి ఫోటో అన్నీ నాని ముద్దయ్యాయి. ఓటరు కార్డులో ఉన్నాడు గాని, దొంగని పట్టుకొచ్చి తీసినట్టుంటుంది. అది ఆయన మొహం కాదు. ఈ మధ్య కళ్ళు మూసుకుంటే ఆయన చొక్కా మీద రంగు మరకలు కనిపిస్తాయి, చెయ్యి కనిపిస్తుంది, మొహం రాదు. మెడ దాకా వచ్చి ఆగిపోతుంది. మనిషి పోయినప్పుడు ఏడ్చిన దానికన్నా మొహం పోతోందని ఏడ్చింది ఎక్కువ. నవ్వే మొహం ఆ మొదటి సంచికలో తప్ప ఇంకెక్కడా లేదు. మనవరాలి పుస్తకం చూసిన మర్నాడే బయల్దేరాను. పాత పుస్తకాల అంగళ్ళు తిరిగాను, పాత పేపర్ల కొట్లలో కట్టలు విప్పించాను. ప్రెస్సు ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగు చేస్తున్నారు. ఏం పుస్తకం అని అడిగితే ఒక చోట దెయ్యాలనీ ఒక చోట దేవుళ్ళనీ చెప్పాను. పిచ్చిదనుకున్నారు. అనుకోనీ.

చివరికి పెరంబూరు పాత వీధికే పోయాను. మూలన పూలు కట్టే తమిళక్క ఇంకా ఉంది, ఇంకా అదే స్టూలు మీద.

"ఏం పెయింటరు పెళ్ళామా, ఇన్నేళ్ళకి దారి తెలిసిందా?" అంది. సంగతి చెప్పగానే లేచి నిలబడింది. "మీ ఆయన ఇచ్చినాడే, అది ఆడనే ఉంది. సామి పుస్తకాన్ని ఎవురన్నా పారేస్తారా?"

ఇంట్లోకి తీసుకుపోయి చూపించింది. దేవుడి పటాల మధ్య నిలబెట్టి ఉంది. శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టీ పెట్టీ, అట్ట మీద ఏడు మొహాలూ ఎర్రటి పెళ్ళలయిపోయాయి. ఇచ్చెయ్యక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా అన్నాను.

"సామిని ఎట్టా ఇచ్చేది? మా పిల్లకి కాన్పు కష్టమైనప్పుడు ఈ కడపటి సామికే మొక్కుకున్నా. నవ్వతానే ఉన్నాడు. తల్లీ బిడ్డా ఇంటికొచ్చినారు."

కడపటి సామి అంటే ఏడోవాడు. మా ఆయన. ఒక్క మాట చాలు నాకు. పేయ్ అంటే చాలు, తనే ఆ పుస్తకాన్ని వీధిలోకి విసిరేస్తుంది, నేను ఏరుకుని పోవచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. అక్క చేతులు జోడించుకుని నిలబడి ఉంది. మింగేశాను.

"పోనీ, ఒకసారి తెరిచి చూడనీ అక్కా."

"నీకు చదువొచ్చునా? చదువు లేని చేత్తో సామి పుస్తకం తెరిస్తే పాపమని నేనెప్పుడూ తెరవలా."

కూడబలుక్కుంటానన్నాను. అయితే కాళ్ళూ చేతులూ కడుక్కుని రమ్మంది. గుమ్మం దగ్గర వెలుతురుకి పోయి, ఆమె వైపు వీపు పెట్టి, చివరి పేజీ తీశాను. కుంకుమ అంటని కాగితం. సారం మీద కూచుని కాళ్ళూపుతూ నవ్వుతున్నాడు. ఆయనకి పన్ను మీద పన్ను ఉండేది. అది కూడా మర్చిపోయాను చూడండి, అన్నేళ్ళు కాపరం చేసినదాన్ని. ఏం రాసుందో గట్టిగా చదవమంది అక్క. ఆయన నోటి పక్కన బుడగలో ఉన్నది ఒక్కో అక్షరం కలుపుకుని చదివాను. మళ్ళీ వస్తాం. "వస్తారు, వస్తారు," అని అక్క లెంపలేసుకుంది.

ఫోన్లో ఫోటో తీసుకుంటానని మా అమ్మాయి ఒకసారి నాతో వచ్చింది. గర్భగుళ్ళో ఎవరన్నా ఫోటో తీస్తారా అని తరిమేసింది అక్క. అందుకని శుక్రవారం శుక్రవారం నేనే బస్సెక్కి పోతున్నాను. చదివేది ఆ ఒక్క మాటే, అక్కకి ప్రతిసారీ కొత్తగానే వినబడుతుంది. అట్ట మీద కుంకుమ మందమవుతోంది, నా చూపు మసకబారుతోంది, లోపల ఆయన మాత్రం మా అమ్మాయి ఈడువాడై కూచుని మళ్ళీ వస్తామంటున్నాడు. కాలం నన్నొక్కదాన్నే ముసలిదాన్ని చేసుకుంటూ పోతోంది. ఆయన నిజంగా వస్తే, ఈ ముసలామె ఎవరని అడుగుతాడేమో.